తాళపుచెవికి గడువు

మన సమాచారము మన గడ్డమీదనే నిలువయుండవలెనా, పరదేశముల యంత్రశాలలలో నుండవచ్చునా యను చర్చ మన దేశమున కొన్ని సంవత్సరములనుండి సాగుచున్నది. 2018 ఏప్రిలు 6వ తేదీన రిజర్వు బ్యాంకు, చెల్లింపులకు సంబంధించిన సమాచారమంతయు భారతదేశములోనే నిలువచేయవలసినదని ఆ వ్యాపారము చేయు సంస్థల నాజ్ఞాపించినది. ఆ యాజ్ఞ న్యాయమైనదనియే మా యభిప్రాయము. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతమున తన సమాచార భాండారశాలలను తెరచినది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో ఇంచుమించు 1,500 కోట్ల డాలర్లు వ్యయపరచి గొప్ప యంత్రశాలను నిర్మింతుమని ప్రకటించినది. గాదెలు మన పెరటిలోనికి వచ్చుచున్నవి. మంచిదే. కాని గాదె మన పెరటిలో నున్నంత మాత్రమున ధాన్యము భద్రమైనట్లు కాదు. దాని తాళపుచెవి యెవరి చేత నున్నది? ఎన్నాళ్లకు? ఎంత తీయుటకు? ఏ పనికి? ఈ ప్రశ్నలను వేయువారు మనలో మిక్కిలి తక్కువ. గాదె యున్న చోటికంటె తాళపుచెవికి గల గడువును, హద్దును ముఖ్యములని మేము తలంచుచున్నాము. అందులకు గల కారణములను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

క్లౌడ్ స్టోరేజి యని లోకము వ్యవహరించునది పేరునకు మేఘమే గాని నిజమునకు మేఘము కాదు. ఎక్కడనో యొక కట్టడమున బారులు తీర్చిన కంప్యూటర్లలో చోటును బాడుగ కిచ్చు వ్యాపారమది. అమెజాన్ సంస్థ 2006 మార్చి 14వ తేదీన ఎస్-3 అను పేర దీనిని ప్రారంభించినది. పిదప మైక్రోసాఫ్టు, గూగుల్ సంస్థలును ఈ వ్యాపారమునకు పూనుకొనినవి. నేడు బ్యాంకునకు పంపిన యప్పు దరఖాస్తు, వైద్యశాలలో తీసిన ఎక్సురే చిత్రము, విద్యార్థి యోగ్యతాపత్రము, వర్తకుని పద్దు మొదలైనవి యనేకములు ఇట్టి బాడుగ గాదెలలో చేరుచున్నవి.

ఈ గాదెలలోనికి సామాన్యజనులు స్వయముగా పోరు. వారి తరపున పోవునది సాఫ్టువేరు. దానిని వ్రాయువాడు డెవలపరు. అతడు కొన్నివేళల సంస్థలోని యుద్యోగి. పెక్కువేళల కంట్రాక్టు పనివాడు. ఒక్కొక్కప్పుడు కంట్రాక్టరు క్రింద మరియొక కంట్రాక్టరు. అతని ముఖమును మనమెరుగము, మన ముఖమును అతడెరుగడు. అయినను మన కాగితములున్న గది తలుపును అతడు తెరువగలిగినగాని పని జరుగదు. కావున అతనికి ప్రవేశ మీయవలెనా వలదా యనునది ప్రశ్న కాదు. ఎట్టి ప్రవేశ మీయవలెననునదే ప్రశ్న.

మొదట వాడుకలోనికి వచ్చిన పద్ధతి శాశ్వతమైన తాళపుచెవి నిచ్చుట. ఇది లోహపు చెవి కాదు. కొన్ని యక్షరములును అంకెలును గల రహస్యపదము. దీనిని సాఫ్టువేరులో నొకచోట వ్రాసియుంచిన చాలును, గాదె తలుపు తెరచుకొనును. ఎవరో యొకరు బుద్ధిపూర్వకముగా రద్దుచేయువరకు అది చెల్లుచునే యుండును. పని ముగిసినను చెల్లును. పనివాడు కొలువు మానిపోయినను చెల్లును. దీనిలోని యపాయ మిదియే. ఇనుప తాళపుచెవి పోయినచో పోయినదని తెలియును. ఈ చెవికి నకలు తీసినను అసలు మన చేతనే యుండును గనుక దొంగతనము జరిగినట్లే తెలియదు.

ఇందుకు నిదర్శనములను వెదకుటకు శ్రమపడనక్కరలేదు. బాడుగకార్ల వ్యాపారము చేయు ఊబర్ సంస్థలో 2014వ సంవత్సరమున ఒక యింజనీరు, సాఫ్టువేరు వ్రాతలను పంచుకొను గిట్‌హబ్ అను చోట నందరికి కనబడునట్లు ఇట్టి తాళపుచెవిని పెట్టెను. దాని సాయముననే పరులు గాదెలో ప్రవేశించి డ్రైవర్ల వివరములను చూచిరి. అంతటితో ఆ సంస్థకు బుద్ధి వచ్చియుండవలసినది. కాని 2016లో మరల అదే రీతిని, ఈసారి గిట్‌హబ్‌లోని ఖాసగీ వ్రాతలలో దొరకిన చెవితో, 5 కోట్ల 70 లక్షలమంది ప్రయాణికుల యొక్కయు డ్రైవర్ల యొక్కయు వివరములు అపహరింపబడినవి. సంస్థవారు దొంగలకు లక్ష డాలర్లిచ్చి సంగతిని కప్పిపుచ్చిరి. 2017 నవంబరు వరకు లోకమునకు తెలియనీయలేదు. ఒకే యింటికి ఒకే తలుపునుండి రెండుమారులు కన్నము పడినదనిన, దోషము దొంగల చాతుర్యమున లేదు, ఇంటివారి యేర్పాటులోనే యున్నదని స్పష్టము.

జపానుదేశపు టొయోటా సంస్థ కథ ఇంకను విచారింపదగినది. ఆ సంస్థ పని నొప్పుకొనిన కంట్రాక్టరు 2017 డిసెంబరులో కార్లయందలి యొక సౌకర్యమునకు సంబంధించిన సాఫ్టువేరు వ్రాతలలో కొంతభాగమును పొరపాటున గిట్‌హబ్‌లో బహిరంగముగా నుంచెను. అందులో సమాచారయంత్రమును తెరచు చెవియు నుండెను. 2022 సెప్టెంబరు 15వ తేదీవరకు ఎవరును దానిని కనిపెట్టలేదు. ఇంచుమించు అయిదేండ్లు తాళపుచెవి నడివీధిలో పడియుండెను. 2,96,019 మంది ఖాతాదారుల యీమెయిలు చిరునామాలు పరుల కంటబడుటకు వీలుకలిగినదని సంస్థయే యొప్పుకొనినది. ఎవరైన తీసికొనిరా లేదా యని నిశ్చయముగా చెప్పుటకుకూడ వీలులేకపోయినది. ఆ చెవి యొక్క గంటకు మాత్రమే చెల్లునదై యున్నచో, నాడు జరిగిన పొరపాటు నాడే నశించియుండెడిది. మనుష్యుడన్న తరువాత పొరపాటు తప్పదు. ఆ పొరపాటునకు అయిదేండ్ల యాయుర్దాయ మిచ్చుట మాత్రము తప్పించుకొనదగిన దోషము.

దీనికి విరుగుడుగా వచ్చినదే తాత్కాలికప్రవేశ పద్ధతి. మన పాఠకులలో భూవసతి గలవారికి దీని తత్త్వము క్రొత్తది కాదు. పట్టణమున కాపురమున్న రైతు, గ్రామములో నొక దస్తావేజు రిజిస్టరు చేయించుటకు తన మనిషిని పంపవలసివచ్చినచో, తన యావదాస్తిమీదను సర్వాధికారములు గల ముఖ్తారునామా వ్రాసియిచ్చునా? ఈయడు. ఆ యొక్క పొలమునకు, ఆ యొక్క పనికి మాత్రమే చెల్లునట్లు స్పెషల్ ముఖ్తారునామా వ్రాసియిచ్చును. తన మనిషిమీద నమ్మకము లేక యిట్లు చేయుటలేదు. నమ్మకమునకును అధికారమునకును హద్దులు వేరువేరని యెరిగియే యిట్లు చేయుచున్నాడు. గాదెల విషయమునను ఇదియే న్యాయము.

ఈ పద్ధతి ప్రస్తుతము రెండు విధములుగా నడచుచున్నది. మొదటిది ముద్రవేసిన చీటి. గాదె యజమాని తన మూలరహస్యమును ఎవరికిని చూపడు. 'ఈ వస్తువును, ఈ పనికి, ఈ నిమిషమువరకు' అని యొక చిరునామా వ్రాసి, తన రహస్యముతో గణితరీత్యా నొక ముద్రను కట్టి యిచ్చును. ఆ చీటిలో నొక్క యక్షరము మార్చినను ముద్ర కలియదు, తలుపు తెరువదు. అమెజాన్, గూగుల్ సంస్థల ప్రస్తుతవిధానమున ఇట్టి చీటికి హెచ్చు గడువు 7 దినములు. రెండవది తాత్కాలికమైన తాళపుచెవి. డెవలపరు గాని, అతని సాఫ్టువేరు గాని తాము ఫలానా యని రుజువుచేసికొనిన పిమ్మట, నియమితమైన పనికి మాత్రమే చెల్లు చెవి యప్పటికప్పుడు తయారగును. అమెజాన్ సంస్థ యేర్పాటులో, ఒక పాత్రను వహించి పొందు నిట్టి చెవికి గడువు 15 నిమిషములకు తగ్గదు, 12 గంటలకు మించదు. అడిగినవారు వేరుగా కోరనియెడల ఒక గంట. గడువు తీరగానే దానియంతట నదియే చచ్చును. దానిని వెదకి రద్దుచేయవలసిన పని యెవరికిని లేదు. తాత్కాలికప్రవేశములోని గొప్ప గుణమిదియే: శాశ్వతపద్ధతిలో భద్రతకు ఒకరు మేల్కొని జ్ఞాపకముంచుకొని పనిచేయవలెను, తాత్కాలికపద్ధతిలో అందరును మరచి నిద్రించినను భద్రత తన పనిని తాను చేయును.

అయితే ఏ పద్ధతియైనను పేరుమాత్రమున రక్షింపదు. 2023 సెప్టెంబరు 18వ తేదీన విజ్ అను భద్రతాసంస్థవారు బయటపెట్టిన సంగతి దీనికి సాక్ష్యము. మైక్రోసాఫ్టు సంస్థలోని కృత్రిమమేధా పరిశోధకులు తమ నమూనాలను లోకమునకు పంచిపెట్టవలెనని సదుద్దేశముతో గిట్‌హబ్‌లో నొక చీటి నుంచిరి. ఆ సంస్థ గాదెలలో ఇట్టి చీటిని ఎస్.ఎ.ఎస్. టోకెన్ అందురు. తాత్కాలికప్రవేశమునకై కల్పింపబడిన సాధనమే యది. కాని దానిని వ్రాసినవారు మూడు తప్పులు చేసిరి. పంచదలచిన వస్తువులకు మాత్రము గాక గాదెయంతకును చీటి వ్రాసిరి. చూచుటకు మాత్రము గాక, చెరుపుటకును మార్చుటకును గూడ అధికార మిచ్చిరి. 2020 జులైలో నుంచిన చీటికి 2021 అక్టోబరులో గడువు తీరగా, ఈమారు 2051 అక్టోబరు వరకు, అనగా ముప్పది సంవత్సరములకు, గడువు పొడిగించిరి! తాత్కాలికమను మాటకు ఇంతకన్న నవమానము వేరొండు గలదా?

ఫలితముగా 38 టెరాబైట్ల సమాచారము పరుల కందుబాటులో నుండెను. టెరాబైటనగా ఇంచుమించు లక్షకోట్ల ఆంగ్లాక్షరములు పట్టు చోటు. అందులో ఇరువురుద్యోగుల కంప్యూటర్ల నకళ్లు, రహస్యపదములు, 359 మంది యుద్యోగులు పరస్పరము వ్రాసికొనిన 30,000కు పైబడిన సందేశములు నుండెను. మార్చుటకు గూడ అధికారముండుటచే, దురుద్దేశము గలవాడు ఆ నమూనాలలో విషము కలిపియుండినచో, వానిని నమ్మి దించుకొనిన పరిశోధకు లందరి కంప్యూటర్లకును అది ప్రాకియుండెడిది. 2023 జూను 22వ తేదీన విజ్ వారు తెలియజేయగా, రెండు దినములకు మైక్రోసాఫ్టువారు చీటిని రద్దుచేసిరి. ఖాతాదారుల సమాచారమేదియు బయటపడలేదని వారు చెప్పిరి. ఇకమీద నిట్టి చీటికి గంటగాని అంతకు తక్కువగాని గడువుంచుట మంచిదని తామే యుపదేశించిరి. ఆ గాదెను కట్టినవారును, ఆ చీటిపద్ధతిని కల్పించినవారును, దానిని తప్పుగా వాడినవారును ఒకే సంస్థవారు. కట్టినవారికే యిట్లు జరిగినప్పుడు బాడుగకు తీసికొనినవారి సంగతి చెప్పనేల?

ఇందులో మరియొక సూక్ష్మము గలదు. ఖాతా మూలరహస్యముతో ముద్రవేసిన యిట్టి చీటి గాదె యజమానుని లెక్కలలో నెక్కడను నమోదు కాదు. ఎన్ని చీటులు వ్రాయబడినవో, ఎవరి చేతులలో నున్నవో లెక్క తీయుటకు వీలులేదు. దానిని రద్దుచేయవలెనన్న మూలరహస్యమునే మార్చవలెను. మార్చినచో దానితో వ్రాసిన మంచి చీటులును చెడ్డ చీటులును ఒక్కమారే చచ్చును. అదియుగాక, చీటి యెవరి చేత నున్నను చెల్లును. చేతనున్నవానికే సొమ్ము చెల్లించు హుండీ వంటిది. కావున చీటిని పంచునప్పుడు గడువే దానికి కంచె. కంచె ముప్పది యేండ్ల దూరమున నున్నచో కంచె లేనట్లే.

గడువు తక్కువైనంత మాత్రమున సర్వము సిద్ధించినదని భ్రమపడుటయు తగదు. అమెరికాలోని కాపిటల్ వన్ అను బ్యాంకులో 2019 మార్చిలో జరిగిన దొంగతనము దీనిని తెలుపుచున్నది. ఆ బ్యాంకు తాత్కాలికమైన చెవులనే వాడుచుండెను. కాని బయటివారిని అడ్డగింపవలసిన కావలియంత్రమును సరిగా నమర్చలేదు. దానిని మోసపుచ్చి, దానికై తయారైన తాత్కాలికపు చెవినే దొంగ సంపాదించెను. ఆ కావలియంత్రమునకు గాదెలలోని వస్తువులతో నేమి పని? కావలివాడు గుమ్మమున నిలువవలెను గాని, గదులన్నిటి తలుపులు తెరువవలసిన యవసరము లేదు. అయినను దాని చెవితో 700కు పైబడిన యరలు తెరచుకొనినవి. అమెరికాలో ఇంచుమించు 10 కోట్లమంది, కెనడాలో 60 లక్షలమంది వివరములు పోయినవి. 2020 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు బ్యాంకు తనిఖీశాఖవారు ఆ బ్యాంకుమీద 8 కోట్ల డాలర్ల యపరాధరుసుము విధించిరి. దొంగకు గంట గడువు చాలును, గదులన్నియు తెరచుకొనునప్పుడు. గడువు కాలమునకు హద్దు. అధికారపరిమితి నష్టమునకు హద్దు. ఒకటి లేక రెండవది యక్కరకు రాదు.

పై వృత్తాంతములనుండి తేలు ధర్మములు నాలుగు. ఇచ్చిన ప్రవేశమునకు పనికి తగిన గడువుండవలెను. ఆ పనికి కావలసిన వస్తువును దాటి చేయి చాచుటకు వీలుండరాదు. ఎవరి పేర నీయబడినదో, ఆ పేర నేమి జరిగినదో లెక్క యుండవలెను. అవసరమైన క్షణమున, తక్కినవారి పని చెడకుండ, రద్దుచేయుటకు వీలుండవలెను. ఈ నాలుగింటిలో నేది లోపించినను దానిని తాత్కాలికమైన సురక్షితప్రవేశ మనుటకు వీలులేదు. మైక్రోసాఫ్టువారి చీటిలో నాలుగును లోపించినవి. కాపిటల్ వన్ వారి యేర్పాటులో నొకటి లోపించినది. నష్టము మాత్రము నొకటితోనే సంభవించినది.

దీనికి వ్యతిరేకముగా చెప్పబడు మాటలను గూడ మేము న్యాయముగా విచారింపవలసియున్నది. డెవలపర్లలో ననేకులు, గడియగడియకు చెవిని మార్చుచుండిన పని సాగదనుచున్నారు. నడురాత్రి యంత్రము నిలిచిపోయినప్పుడు అనుమతికై యెవరి గుమ్మమున నిలువవలెనని యడుగుచున్నారు. పండ్రెండు గంటలకు మించి నడచు పనులున్నవనుచున్నారు. ఈ మాటలలో కొంత నిజము గలదు. భద్రత పేర పనివానిని బాధించు నేర్పాటు నిలువదు. బాధపడినవాడు దొడ్డిదారి వెదకును, ఆ దొడ్డిదారి శాశ్వతపు చెవికే దారితీయును. మైక్రోసాఫ్టు పరిశోధకులు ముప్పది యేండ్ల గడువు వ్రాసినది కూడ దురుద్దేశమున గాదు. మాటిమాటికి చీటి మార్చు శ్రమ తప్పించుకొనుటకే యైయుండును.

కాని ఈ యాక్షేపణకు సమాధానము చాలవరకు వచ్చియేయున్నది. తాత్కాలికపు చెవిని మనుష్యుడు చేతితో మార్చవలసిన పనిలేదు. గడువు తీరకముందే సాఫ్టువేరు తానే క్రొత్తదానిని తెచ్చుకొనును. 2021నుండి గిట్‌హబ్‌లో నడచు పనులకుకూడ, అమెజాన్ మొదలగు గాదెల శాశ్వతపు చెవిని దాచిపెట్టకయే, తామెవరమో రుజువుచేసికొని యప్పటికప్పుడు తాత్కాలికపు చెవిని పొందు వీలు కలిగినది. నడురాత్రి యాపదకు వేరుగా నొక యేర్పాటు చేసికొనవచ్చును: ఇరువురి సమ్మతితో తెరచునది, తెరచినప్పుడెల్ల పెద్దలకు వార్త పోవునది, తెల్లవారుసరికి మూతపడునది. వ్యయము నిమిత్తము చిన్న సంస్థలు జంకనక్కరలేదు. తాత్కాలికపు చెవులను తయారుచేసి యిచ్చుటకు అమెజాన్ సంస్థ ప్రత్యేకముగా రుసుము తీసికొనుటలేదు. కావలసినది ధనముకంటె శ్రద్ధ.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. ఈ నిబంధన డెవలపరుమీది యనుమానమని కొందరు భావించుచున్నారు. నిజమునకు అది యతనికి రక్ష. శాశ్వతపు చెవి నొకమారు పొందినవాడు, కొలువు మానిన మూడేండ్లకు దొంగతనము జరిగినను, సందేహమునకు పాత్రుడగును. నకళ్లు ఎన్ని చేతులలో నున్నవో యెవ్వరు నెరుగరు గనుక తాను నిర్దోషినని రుజువుచేసికొనుటకు అతనికి సాధనములేదు. గడువుగల చెవిని తన పేర పొందినవాడు, పని ముగిసిన మరునాడు నిశ్చింతగా నిద్రింపవచ్చును. హైదరాబాదునను, బెంగుళూరునను, అమెరికాలోను ఈ వృత్తిలో నున్న మన తెలుగు యువకులు వేనవేలు. వారి గౌరవము దృష్ట్యా గూడ ఈ పద్ధతియే శ్రేయస్కరము.

ఇక మన దేశపు చట్టముల స్థితి. డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టమునకు 2023 ఆగస్టు 11వ తేదీన రాష్ట్రపతి యామోదము లభించినది. ప్రజల సమాచారమును కాపాడుటకు తగిన జాగ్రత్తలు తీసికొనని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు దండన విధింపవచ్చునని యందు గలదు. పనిని కంట్రాక్టరున కప్పగించినంత మాత్రమున యజమాని బాధ్యత తీరదనియు నందు గలదు. ఇది మిక్కిలి మెచ్చదగిన యంశము. టొయోటా కథ మనదేశమున జరిగినచో 'అది మా కంట్రాక్టరు చేసిన పని' యని తప్పించుకొనుటకు వీలుండదు. 2025 నవంబరులో ప్రకటింపబడిన నియమములలో ప్రవేశమును అదుపులో నుంచుట, ఎవరెప్పుడు ప్రవేశించిరో లెక్క వ్రాయుట మొదలైనవి చేర్చబడినవి. వీనిలో ముఖ్యమైనవి ప్రకటన జరిగిన 18 మాసములకు అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. ఇంతకుముందే 2022 ఏప్రిలు 28వ తేదీన సెర్ట్-ఇన్ అను కేంద్రశాఖవారు, ఇట్టి దుర్ఘటన కనిపెట్టిన 6 గంటలలో తమకు తెలియజేయవలెననియు, లెక్కలను 180 దినములు భద్రపరుపవలెననియు ఉత్తరువు చేసియున్నారు.

చట్టములు మంచివే. కాని వానిలో నొక పెద్ద సందు గలదు. దేశభద్రత, శాంతిపరిరక్షణ మొదలగు కారణములమీద తాను ప్రకటించు ప్రభుత్వాంగములను ఈ చట్టమునుండి మినహాయించు నధికారమును కేంద్రప్రభుత్వము తనయందే యుంచుకొనినది. ప్రజల కాగితములు అన్నిటికంటె హెచ్చుగా నున్నది ప్రభుత్వము చేతనే గదా! ఆంధ్రప్రదేశమున మీభూమి, తెలంగాణమున 2020నుండి ధరణి, 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతి — వీనిలో మన రైతుల హక్కులన్నియు అక్షరరూపమున నున్నవి. పూర్వము కరణము పెట్టెలోని అడంగలును దిద్దవలెనన్న కలము, సిరా, సాహసము కావలెను. దిద్దిన చోటు కాగితముమీద కనబడును. నేడు హద్దులేని తాళపుచెవి యొకటి చాలును, లెక్కలేనిచో దిద్దిన గురుతుకూడ మిగులదు. వర్తకునికి 250 కోట్ల దండన విధించు ప్రభుత్వము తన శాఖలకు మినహాయింపు నిచ్చుకొనుట రాజనీతి కాదు. మినహాయింపు నెంత నిర్దాక్షిణ్యముగా తగ్గించిన అంత మేలు. మినహాయింపు పొందిన శాఖలును, పైని చెప్పిన నాలుగు ధర్మములను తమ కంట్రాక్టు పత్రములలో షరతులుగా వ్రాయించుటకు ఏ చట్టమును అడ్డురాదు. ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును టెండర్లు పిలుచునప్పుడే ఈ షరతులను చేర్చవలెనని మేము గట్టిగా కోరుచున్నాము.

మన పాఠకులలో పలువురు సహకారసంఘములకును, కళాశాలా సంఘములకును, వైద్యశాలలకును, వర్తకసంఘములకును పెద్దలుగా నున్నవారు. ఈ విషయము యంత్రవేత్తలది, మనకెందుకని వారూరకుండరాదు. తమ సంఘము సాఫ్టువేరును నడపు కంట్రాక్టరును పిలిపించి యీ ప్రశ్నలడుగుటకు యంత్రవిద్య యక్కరలేదు. మా గాదెను తెరచు చెవులు ఎన్ని యున్నవి? వానిలో గడువులేనివి యెన్ని? నిరుడు పని మానిన వాని చెవి యేమైనది? మా సభ్యుల కాగితములను గడచిన మాసమున ఎవరెవరు తెరచిరో లెక్క చూపగలరా? సమాధానము తడబడినచో, ఆ తడబాటే తనిఖీకి తగిన కారణము. లెక్కలు చూడక సంతకము పెట్టు కార్యదర్శిని మనము క్షమింపము గదా. తాళపుచెవుల లెక్క చూడని కార్యదర్శిని యేల క్షమింపవలెను?

పరదేశపు సంస్థల గాదెలు మన గడ్డమీద లేచుచున్నవని కొందరు గర్వించుచున్నారు, కొందరు భయపడుచున్నారు. గర్వమునకును భయమునకును హేతువు కట్టడమున లేదు. ఊబరు గాదెయు, కాపిటల్ వన్ గాదెయు వారి స్వదేశమున, వారి సొంత చట్టముల నీడనే యుండెను. స్వదేశమున నున్నంతమాత్రమున అవి రక్షింపబడలేదు. తన కాగితములను ఎవరు, ఎప్పుడు, ఏ పనికి, ఎంతసేపు చూచిరో యడిగి తెలిసికొనగల ప్రజయే తన సమాచారమునకు యజమాని. అట్లడుగలేని ప్రజకు గాదె విశాఖపట్టణమున నున్నను, వర్జీనియాలో నున్నను భేదములేదు. యజమానత్వము చోటుమీద గాక చెవిమీద నాధారపడియున్నదని గుర్తించి, ప్రభుత్వములును సంస్థలును గడువులేని తాళపుచెవుల నన్నిటిని లెక్కవేసి, జాగుసేయక రద్దుచేయవలసియున్నది. లెక్క తీయుట నేడే యారంభింపవచ్చును.